పావులు కదిపే మరచేయి

చదరంగం మన దేశంలో పుట్టిన ఆట. పూర్వం దీనిని చతురంగం అనేవారు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాలిబంట్లు అనే నాలుగు అంగాలు గల సేనకు చతురంగబలమని పేరు. అటువంటి రెండు సేనల పోరునే గళ్ల బల్ల మీదికి తెచ్చి ఆటగా మలిచారు. ఇక్కడినుంచి ఈ ఆట పారశీక, అరబ్బు దేశాల మీదుగా ఐరోపాకు చేరి, క్రమంగా ప్రపంచమంతటా వ్యాపించింది. మన మాటల్లోనూ స్థిరపడింది. ఎవరైనా ముందుచూపుతో, గుట్టుగా ఒక వ్యవహారం నడుపుతుంటే ‘పావులు కదుపుతున్నాడు’ అంటాం. ‘ఆలోచిస్తున్నాడు’ అనవలసిన చోట ‘కదుపుతున్నాడు’ అంటున్నాం. ఆలోచన, కదలిక ఒక్కటే అన్నట్లు మాట్లాడుతున్నాం.

నిజానికి అవి రెండు వేరువేరు పనులు. ఎత్తు ఆలోచించేది బుద్ధి. పావు కదిపేది చేయి. మనిషికి ఈ రెండూ కలిసే ఉన్నాయి కాబట్టి వాటి తేడా మనకు తెలియదు. యంత్రానికి చదరంగం నేర్పబోయినప్పుడు ఆ తేడా స్పష్టంగా బయటపడింది. బుద్ధిని ఇవ్వడం కష్టమనీ, చేతిని ఇవ్వడం సులువనీ ఎవరైనా అనుకొంటారు. జరిగింది మరొక విధంగా ఉంది. ఆ కథను, దానిలోని విజ్ఞానాన్ని ఈ పాఠంలో తెలిసికొందాం.

1997వ సంవత్సరం మే నెలలో అమెరికాలోని న్యూయార్కు నగరంలో ఒక పోటీ జరిగింది. ఒకవైపు అప్పటి ప్రపంచ విజేత, రష్యా దేశీయుడు గారీ కాస్పరోవ్. మరొకవైపు ఐబీఎం సంస్థ తయారుచేసిన ‘డీప్ బ్లూ’ అనే కంప్యూటరు. ఆరు ఆటల్లో కాస్పరోవ్ ఒకటి గెలిచాడు. కంప్యూటరు రెండు గెలిచింది. మూడు ఆటలు సమంగా ముగిశాయి. మే 11న చివరి ఆటతో మూడున్నర పాయింట్లు సాధించి కంప్యూటరు విజయం పొందింది. అది సెకనుకు దాదాపు 20 కోట్ల స్థితులను పరిశీలించగలిగేది. ప్రపంచంలోని అనేక పత్రికలు ఈ వార్తను ప్రచురించాయి.

కానీ ఆ పోటీ ఛాయాచిత్రాలను జాగ్రత్తగా చూస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కాస్పరోవ్‌కు ఎదురుగా కుర్చీలో కూర్చున్నది యంత్రం కాదు, మనిషి! ఆ యంత్రాన్ని నిర్మించిన బృందంలోని ఫెంగ్ షియుంగ్ షు, మరీ క్యాంప్‌బెల్, జోసెఫ్ హోన్ అనేవారు వంతులవారీగా ఆ కుర్చీలో కూర్చున్నారు. కాస్పరోవ్ వేసిన ఎత్తును వారు కంప్యూటరుకు తెలియజేసేవారు. కంప్యూటరు తెర మీద చూపిన ఎత్తును బల్ల మీద తమ చేతితో వేసేవారు. సెకనుకు 20 కోట్ల స్థితులు చూడగల యంత్రానికి ఒక్క బంటును ముందుకు జరపడానికి చేయి లేదు. ‘మాటలు కోటలు దాటుతాయి గాని కాళ్లు గడప దాటవు’ అని మన పెద్దలు అంటారు. ఇక్కడ ఆలోచన కోటలు దాటింది, చేయి గడప దాటలేదు.

ఇలా ఇంకొకరి చేతితో ఆడడం తప్పేమీ కాదు. చేతులు కదపలేని ఆటగాడికి బదులుగా సహాయకుడు పావులు కదపవచ్చునని అంతర్జాతీయ చదరంగ నియమావళి అంగీకరిస్తుంది. ఎత్తు ఎవరి బుద్ధిలో పుట్టిందో వారిదే. 2016 మార్చిలో దక్షిణ కొరియా రాజధాని సియోలులో ‘గో’ అనే ఆటలో మేటి ఆటగాడు లీ సెడోల్‌ను ‘ఆల్ఫాగో’ అనే కంప్యూటరు ఓడించినప్పుడు కూడా, దాని పక్షాన రాళ్లు పేర్చినది ఆ బృందంలోని అజా హువాంగ్ అనే మనిషే. అయితే యంత్రానికి సొంత చేయి ఎందుకు ఉండరాదు? ఈ ప్రశ్న కొత్తది కాదు. దీనికి రెండువందల యాభై ఏళ్ల చరిత్ర ఉంది.

1770లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో మహారాణి మరియా థెరీసా కొలువులో వోల్ఫ్‌గాంగ్ ఫాన్ కెంపెలెన్ అనే అధికారి ఒక వింత యంత్రాన్ని ప్రదర్శించాడు. ఒక పెద్ద చెక్క పెట్టె, దాని వెనుక తలపాగా చుట్టుకొని తురుష్క వేషంలో కూర్చున్న ఒక నిలువెత్తు బొమ్మ, పెట్టె మీద చదరంగం బల్ల. కెంపెలెన్ ముందుగా పెట్టె తలుపులను ఒక్కొక్కటిగా తెరిచి చూపేవాడు. లోపల పళ్ల చక్రాలు, ఇరుసులు కనిపించేవి. తరువాత తలుపులు మూసి, తాళంచెవితో మరను తిప్పేవాడు. అంతట ఆ బొమ్మ తన ఎడమచేతిని చాపి, పావును పట్టుకొని, పైకెత్తి, వేరొక గడిలో పెట్టేది. చూసేవారు ముక్కున వేలేసుకొనేవారు. 1809లో నెపోలియన్ చక్రవర్తి దానితో ఆడి ఓడిపోయాడు. కంప్యూటరు భావనకు తొలి రూపమిచ్చిన చార్లెస్ బాబేజి కూడా లండనులో దాని చేతిలో ఓడినవాడే.

ఇందులోని రహస్యం ఏమిటి? పెట్టెలో ఒక మనిషి దాగి ఉండేవాడు. తలుపులు తెరిచినప్పుడు అతడు జారుడు పీట మీద అటూ ఇటూ జరుగుతూ కంటపడకుండా తప్పించుకొనేవాడు. పావుల అడుగున అయస్కాంతాలు ఉండేవి. పావు కదిలినప్పుడు బల్ల అడుగున వేలాడే చిన్న ఇనుపముక్కలు కూడా కదిలేవి. వాటిని చూసి, లోపలి మనిషి కొవ్వొత్తి వెలుగులో ఎదుటివాని ఎత్తును తెలిసికొనేవాడు. తన ముందున్న కమ్మీల అమరికను కదిపితే, దానికి అనుగుణంగా పైనున్న బొమ్మచేయి కదిలేది. 1854లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జరిగిన అగ్నిప్రమాదంలో ఈ యంత్రం కాలిపోయింది.

ఈ బొమ్మ ఒక మోసం అన్నమాట నిజమే. కానీ మోసం ఎక్కడ ఉన్నదో గమనించండి. దాని బుద్ధి దొంగది, చేయి మాత్రం నిజమైనది. కమ్మీలతో, కీళ్లతో చేసిన ఆ చేయి చిన్న పావును ఒడిసిపట్టి గురి తప్పకుండా గడిలో పెట్టేది. 1770లో చేయి యంత్రానిది, బుద్ధి మనిషిది. 1997 నాటికి బుద్ధి యంత్రానిది, చేయి మనిషిది. రెండుచోట్లా మనిషి ఉన్నాడు. మొదటిచోట పెట్టెలో దాగాడు, రెండవచోట అందరి ఎదుటా కుర్చీలో కూర్చున్నాడు.

బుద్ధి, చేయి రెండూ తనవే అయిన యంత్రాన్ని మొదట నిర్మించినవాడు స్పెయిన్ దేశపు ఇంజనీరు లియొనార్డో టోరెస్ కెవెడో. ఆయన 1912లో తయారుచేసిన యంత్రాన్ని 1914లో ప్యారిస్‌లో ప్రదర్శించారు. అది పూర్తి చదరంగం ఆడదు. బల్ల మీద మూడే పావులు ఉంటాయి. యంత్రానికి ఒక తెల్ల రాజు, ఒక ఏనుగు. ఎదుటి మనిషికి ఒక నల్ల రాజు. మనిషి తన రాజును జరపగానే విద్యుత్ స్పర్శల ద్వారా యంత్రం దానిని గ్రహించేది. తన ఎత్తును నిర్ణయించుకొని, మరచేతితో తానే పావును జరిపేది. చివరకు నల్ల రాజుకు ఆట కట్టేది. మనిషి నియమం తప్పితే దీపం వెలిగేది. మూడుసార్లు తప్పితే యంత్రం ఆడడం మానుకొనేది! 1920లో ఆయన కుమారుడు గొంజాలో సహాయంతో తయారైన రెండవ యంత్రంలో చేతిని తీసివేసి, బల్ల కింద విద్యుదయస్కాంతాలను అమర్చి, వాటితో పావులను జరిపించారు. అంటే తొలినాళ్లలోనే పావును కదపడానికి రెండు మార్గాలు ఏర్పడ్డాయన్నమాట. ఒకటి పైనుంచి చేతితో పట్టడం. రెండవది కిందినుంచి అయస్కాంతంతో లాగడం.

కిందినుంచి లాగే మార్గం కొంత సులువు. బల్ల అడుగున రెండు పట్టాలు ఉంటాయి. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. వాటి మీద ఒక చిన్న బండి తిరుగుతుంది. దాని మీద అయస్కాంతం ఉంటుంది. బండి కావలసిన గడి కిందికి చేరి, అయస్కాంతం పనిచేయగానే పైనున్న పావు దానికి అంటుకొన్నట్లుగా దాని వెంట జారుతుంది. అయితే గుర్రం సంగతేమిటి? అది ఇతర పావుల మీదుగా దూకాలి కదా! ఇక్కడ దూకడం కుదరదు. కాబట్టి యంత్రం గుర్రాన్ని గళ్ల సరిహద్దు గీతల వెంబడి, పావుల మధ్య సందులోంచి నడిపిస్తుంది. సంతలో జనం మధ్యనుంచి తప్పుకొంటూ నడిచే మనిషిలా అది వెళుతుంది. 1983లో అమెరికాలోని మిల్టన్ బ్రాడ్లీ సంస్థ ఈ పద్ధతిలో ఒక బల్లను అమ్మకానికి తెచ్చింది. 2016లో ముంబయికి చెందిన కొందరు యువకులు ‘స్క్వేర్ ఆఫ్’ అనే పేరుతో ఇటువంటి బల్లనే రూపొందించారు. దూరదేశంలో ఉన్న ప్రత్యర్థి ఎత్తు వేస్తే, మన ఇంట్లో బల్ల మీద ఆ పావు తనంతట తానే కదిలేది.

చేతితో పట్టే మార్గం ఇంతకన్న కష్టమైనది. 1982లో హాంకాంగ్‌కు చెందిన నోవాగ్ సంస్థ ఇంట్లో ఆడుకొనే చదరంగపు కంప్యూటరుకు ఒక మరచేతిని అమర్చి విడుదల చేసింది. ఆ చేయి బల్ల మీదికి సాగి, పావును పట్టి, లేపి, మరొక గడిలో దించేది. ఈ పని ఎలా జరుగుతుందో ఒక్కొక్క మెట్టుగా పరిశీలిద్దాం.

మొదటి మెట్టు చూడడం. యంత్రం ఎత్తు వేయాలంటే ముందు ఎదుటివాడు ఏ ఎత్తు వేశాడో తెలియాలి. దీనికి ఒక ఉపాయం, 64 గళ్ల కింద 64 చిన్న విద్యుత్ మీటలు అమర్చడం. ప్రతి పావు అడుగున అయస్కాంతం ఉంటుంది. పావు ఉన్న గడిలో మీట మూసికొంటుంది, లేని గడిలో తెరుచుకొంటుంది. ఈ మీటకు గడిలో పావు ఉన్నదో లేదో తెలుస్తుంది కాని, అది మంత్రియో బంటో తెలియదు. ఆట మొదట్లో ఏ పావు ఎక్కడ ఉంటుందో కంప్యూటరుకు తెలుసు కాబట్టి, ఒక్కొక్క మార్పును లెక్కపెట్టుకొంటూ మిగిలినది ఊహించుకొంటుంది. రెండవ ఉపాయం కెమెరా. ఎత్తుకు ముందు ఒక చిత్రం, ఎత్తు తరువాత ఒక చిత్రం తీసి, ఏ గళ్లలో తేడా వచ్చిందో పోల్చి చూస్తుంది. వినడానికి తేలికగానే ఉంది. కానీ కిటికీలోంచి పడే ఎండ మారినా, ఎవరి నీడైనా బల్ల మీద పడినా యంత్రానికి అదీ ఒక మార్పుగానే కనిపిస్తుంది. నీడకూ నల్లపావుకూ తేడా మూడేళ్ల పసివాడికి తెలుసు. యంత్రానికి దానిని ప్రత్యేకంగా నేర్పవలసి వచ్చింది.

రెండవ మెట్టు లెక్క. ‘ఈ గడిలోని బంటును రెండు గళ్లు ముందుకు జరుపు’ అని బుద్ధి చెబుతుంది. చేతికి ఆ భాష తెలియదు. దానికి తెలిసినదల్లా కోణాలు. భుజం దగ్గరి మోటారు ఎన్ని డిగ్రీలు తిరగాలి? మోచేతి దగ్గరిది ఎన్ని డిగ్రీలు తిరగాలి? ఇక్కడ మీరు గణితంలో చదివే త్రిభుజమే పనికివస్తుంది. భుజం నుంచి మోచేయి వరకు ఒక భుజం, మోచేయి నుంచి మణికట్టు వరకు రెండవ భుజం, మణికట్టు నుంచి తిరిగి చేయి మొదలు వరకు గల దూరం మూడవ భుజం. మొదటి రెండు భుజాల పొడవులు మారవు. మూడవది పావు ఉన్న చోటును బట్టి మారుతుంది. మూడు భుజాలూ తెలిస్తే త్రిభుజంలోని కోణాలన్నీ తెలుస్తాయి. ప్రతి ఎత్తుకూ మరచేయి ఈ లెక్కను ఎన్నోసార్లు చేస్తుంది. ఒక వస్తువును ఏ చోటనైనా, ఏ వాలులోనైనా పట్టుకోవాలంటే చేయి కనీసం 6 విధాలుగా కదలగలగాలి. చదరంగం పావులు ఎప్పుడూ నిటారుగా నిలబడి ఉంటాయి కాబట్టి 4 విధాలు కూడా సరిపోతాయి. మన చేయి భుజం నుంచి మణికట్టు వరకే 7 విధాలుగా కదులుతుంది.

ఈ లెక్కలో చిన్న తప్పు దొర్లితే ఏమవుతుంది? ఒక మరచేయి పొడవు 60 సెంటీమీటర్లు అనుకొందాం. భుజం దగ్గరి కీలు ఒక్క డిగ్రీ ఎక్కువ తిరిగితే చేతికొన సుమారు 1 సెంటీమీటరు పక్కకు పోతుంది. పోటీలలో వాడే బల్ల మీద ఒక్కొక్క గడి 5 నుంచి 6 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. పక్కపక్క గళ్లలో రెండు పెద్ద పావులు నిలబడితే వాటి అడుగుల మధ్య మిగిలే సందు ఒకటిన్నర సెంటీమీటరు మాత్రమే. ఆ సందులోకి మరచేతి వేళ్లు దిగవలసి ఉంటుంది. ఒక్క డిగ్రీ తప్పితే పక్కనున్న శకటు పడిపోతుంది. ఆట చెడిపోతుంది. అందువల్ల కీలు ఎంత తిరిగిందో క్షణక్షణం కొలిచే పరికరాలను ప్రతి మోటారు దగ్గరా అమర్చుతారు.

మూడవ మెట్టు పట్టుకోవడం. పట్టు వదులైతే పావు జారిపోతుంది. పట్టు బిగుసుకుంటే పావు చిట్లిపోతుంది, లేదా పక్కకు ఎగురుతుంది. బంటు తల గుండ్రంగా ఉంటుంది. గుర్రానికి ఒకవైపు మూతి, మరొకవైపు జూలు. రాజు తల మీద ఉండే చిహ్నం సన్నగా ఉంటుంది. ఒక్కొక్కదానిని ఒక్కొక్క రకంగా పట్టుకోవాలి. మన వేళ్ల చర్మం కింద స్పర్శను తెలిపే నరాలు ఉన్నాయి. పావు కొంచెం జారబోతున్నదని తెలియగానే మనం ఆలోచించకుండానే పట్టు బిగిస్తాం. మరచేతి వేళ్లకు రబ్బరు తొడుగు వేసి, లోపల స్ప్రింగులు పెట్టి, మోటారుకు పోయే విద్యుత్తు ఎంత పెరిగిందో చూసి, పట్టు బిగువును అంచనా వేస్తారు. ఇది మన వేలికొనకు చాలా దూరంలో ఉన్న ఉపాయమే.

నాలుగవ మెట్టు మోయడం. రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్లు. దానిపైనుంచి మరొక పావును మోసుకుపోవాలంటే కనీసం 10 సెంటీమీటర్లు పైకి లేపాలి. ఇక యంత్రం ఎదుటివాని పావును చంపవలసి వచ్చిందనుకోండి. ముందు ఆ పావు మీదికి వెళ్లాలి, దిగాలి, పట్టాలి, లేపాలి, బల్ల పక్కకు మోయాలి, దించాలి, వదలాలి, పైకి లేవాలి. ఇవి ఎనిమిది పనులు. తరువాత తన పావు కోసం మళ్లీ ఈ ఎనిమిదీ చేయాలి. మనం ఒకే చేతితో, ఒక్క రెప్పపాటులో ముగించే పని దానికి పదహారు పనులు. బంటు ఎదుటి అంచు చేరి మంత్రిగా మారే సమయంలో ఒక పావును తీసి, పక్కన ఉంచిన మరొక పావును వెదకి తెచ్చి పెట్టాలి. రాజును కోటలో పెట్టే ఎత్తులో రాజును, ఏనుగును రెంటినీ కదపాలి. నియమం ప్రకారం ముందు రాజునే కదపాలి. బుద్ధికి ఒక్క ఎత్తు అయినది చేతికి ఎన్ని ఎత్తులో చూశారా!

పదిమందీ వాడే మామూలు బల్ల మీద, మామూలు పావులతో ఆడగల చేతిని తయారుచేయాలని చాలామంది శాస్త్రజ్ఞులు శ్రమించారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు, సియాటిల్ నగరంలోని ఇంటెల్ పరిశోధనశాల వారు కలిసి ‘గాంబిట్’ అనే చేతిని నిర్మించి 2011లో దాని వివరాలు ప్రకటించారు. దాని బల్ల కింద మీటలు లేవు, పావుల అడుగున అయస్కాంతాలు లేవు. దూరాన్ని కూడా కొలవగల కెమెరాతో బల్లను చూసి, ఏ పావు ఎక్కడ ఉందో తానే గుర్తించి, 6 విధాలుగా కదిలే చేతితో ఆడేది. డీప్ బ్లూ విజయానికి ఇది 14 ఏళ్ల తరువాతి మాట.

ఎందుకింత ఆలస్యమైంది? హాన్స్ మొరావెక్ అనే శాస్త్రజ్ఞుడు 1988లోనే దీనికి కారణం సూచించాడు. బుద్ధిపరీక్షల్లోనూ, బల్ల మీది ఆటల్లోనూ కంప్యూటరును పెద్దవారితో సమానం చేయడం సులువు. చూడడంలో, కదలడంలో దానిని ఏడాది పసివాడితో సమానం చేయడం కష్టం. ఇది ఆయన చెప్పిన మాటల సారాంశం. మనిషి చదరంగం నేర్చుకొని సుమారు పదిహేనువందల ఏళ్లు అయింది అంతే. కన్నూ చేయీ కలిసి పనిచేయడం జీవులు కోట్ల సంవత్సరాలుగా నేర్చుకొంటూ వచ్చాయి. ఎంతో కాలంగా చేస్తున్న పని కాబట్టే అది మనకు పనిలా కనిపించదు. పనిలో ఆరితేరినవారిని తెలుగులో ‘చేయి తిరిగినవారు’ అంటాం. తల తిరిగినవారు అనం. నైపుణ్యం చేతిలో నిలుస్తుందని మన భాష ఏనాడో గుర్తించింది. బియ్యంలో రాళ్లు ఏరే అమ్మమ్మ వేళ్లు, మల్లెమొగ్గ నలగకుండా దండ కట్టే వేళ్లు, మగ్గం మీద తెగిన పోగును పట్టి ముడివేసే నేతగాని వేళ్లు చేసే పనులను ఏ లెక్కల యంత్రమూ తేలికగా చేయలేదు.

మరచేతికి ఇంకొక పెద్ద పరీక్ష ఉంది. బల్ల మీద దాని చేయి ఒక్కటే ఉండదు. ఎదుటివాని చేయి కూడా ఉంటుంది. 2022 జులై 19న మాస్కోలో ఒక చదరంగ పోటీ సందర్భంగా ఏర్పాటైన మరచేయి ఏడేళ్ల బాలునితో ఆడుతున్నది. అది తన ఎత్తును ముగిస్తూ ఉండగానే ఆ బాలుడు ఉత్సాహంతో చేయి చాపాడు. మరచేయి అతని వేలిని బల్లకు అదిమి పట్టింది. పక్కనున్న పెద్దలు పరుగెత్తి వచ్చి విడిపించవలసి వచ్చింది. వేలి ఎముక విరిగింది. కట్టుతోనే ఆ బాలుడు మరునాడు వచ్చి మిగిలిన ఆటలు ఆడాడు.

యంత్రం పూర్తిగా తన ఎత్తు ముగించేవరకు ఆగాలన్న నియమాన్ని బాలుడు పాటించలేదని నిర్వాహకులు అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఒక్క విషయం ఆలోచించండి. తాతగారితో చదరంగం ఆడే మనుమడు తొందరపడి చేయి చాపితే తాతగారి చేయి తనంతట తానే వెనక్కు తగ్గుతుంది. అందుకు ఏ నియమమూ అక్కర లేదు. మెత్తటి వేలికీ కర్ర పావుకూ తేడా ఆ చేతికి తెలుసు. తాను ఎంత బలంగా నొక్కవచ్చునో, ఎప్పుడు వదలవలెనో తెలుసు. ఆ మరచేతికి పావు తెలుసు, గడి తెలుసు, ఎత్తు తెలుసు. తన ఎదుట ఒక పిల్లవాడు ఉన్నాడన్నది మాత్రం తెలియదు. కాబట్టి ఆ తెలివిని దానికి ముందుగానే సమకూర్చడం తయారుచేసేవారి బాధ్యత. పిల్లలు తొందరపడతారు. అది పిల్లల స్వభావం. పిల్లలతో ఆడే యంత్రం ఆ తొందరను లెక్కలోకి తీసుకొనే తయారుకావాలి.

దీనికి మార్గాలు లేకపోలేదు. మోటారు ఒక హద్దు మించి బలం ప్రయోగించకుండా కట్టడి చేయవచ్చు. దేనికైనా తగలగానే చేయి ఆగిపోయి, పట్టు వదిలే ఏర్పాటు చేయవచ్చు. బల్ల మీదికి మనిషి చేయి రాగానే కెమెరా గుర్తించి మరచేతిని నిలిపివేయవచ్చు. వేళ్లను మెత్తని పదార్థంతో చేయవచ్చు. ఎదుటివానికి అందేచోట ఒక ఎర్రని ఆపుమీట ఉంచవచ్చు. మనుషుల పక్కనే పనిచేసే మరచేతులు ఎంత బలం మించి తాకరాదో తెలిపే అంతర్జాతీయ మార్గదర్శకాలు 2016లో వెలువడ్డాయి. చేతికి బలం ఇవ్వడం కన్న, ఆ బలాన్ని ఎక్కడ ఆపాలో నేర్పడమే గొప్ప విద్య.

చదరంగం బల్ల ఒక చిన్న ప్రపంచం. 64 గళ్లు, 32 పావులు, కొన్ని నియమాలు. ఇంత చిన్న ప్రపంచంలో చూసి, లెక్కించి, పట్టి, మోసి, ఎదుటివానికి హాని కలగకుండా మెలగడం నేర్చిన మరచేయి రేపు ఇంకా పెద్ద పనులకు ఉపయోగపడుతుంది. చేయి కోల్పోయినవారికి అమర్చే కృత్రిమ హస్తాలకూ, మంచం మీదినుంచి లేవలేనివారికి నీళ్లగ్లాసు అందించే పరికరాలకూ కావలసిన విజ్ఞానం ఇదే. గ్లాసును జారవిడవకుండా, నొక్కివేయకుండా పట్టుకోవడం కూడా పావును పట్టుకోవడం వంటిదే.

బుద్ధి గొప్పదా, చేయి గొప్పదా అన్న వాదం మనకు అక్కర లేదు. కానీ బుద్ధితో చేసే పనిని గొప్పగానూ, చేతితో చేసే పనిని తక్కువగానూ చూసే అలవాటు చాలామందిలో ఉంది. ఆ అలవాటు తప్పని చదరంగపు యంత్రాల కథ చెబుతున్నది. ప్రపంచ విజేతను ఓడించిన కంప్యూటరు కూడా తన బంటును జరపడానికి ఒక మనిషి చేతిని అడిగింది.

అభ్యాసం

1. ‘1770లో చేయి యంత్రానిది, బుద్ధి మనిషిది.’ ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వివరించండి.
2. టోరెస్ కెవెడో యంత్రం ఏ పావులతో ఆడేది? అది కెంపెలెన్ యంత్రం కన్న ఏ విధంగా భిన్నమైనది?
3. అయస్కాంతంతో పావులను జరిపే బల్ల మీద గుర్రం ఎలా కదులుతుంది?
4. ఎదుటివాని పావును చంపడానికి మరచేయి చేసే పనులను వరుసక్రమంలో రాయండి.
5. మాస్కోలో జరిగిన ప్రమాదం గురించి మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి. బాధ్యత ఎవరిది? ఎందుకు?
6. ‘చేయి తిరిగిన’ అనే మాటను సొంత వాక్యంలో ప్రయోగించండి. ‘చేయి’ అనే పదంతో ఏర్పడిన మరికొన్ని జాతీయాలను మీ ఇంటిలోని పెద్దలను అడిగి సేకరించండి.
7. చేసి చూడండి: కళ్లకు గంత కట్టుకొని, మిత్రుడు మాటలతో చెప్పే దిశలను బట్టి బల్ల మీది ఒక పావును మరొక గడిలో పెట్టడానికి ప్రయత్నించండి. మీకు ఎదురైన కష్టాలను మరచేతి కష్టాలతో పోల్చి తరగతిలో చెప్పండి.